పర్ల్ జామ్ 'టెన్' సీడీ చివరి పాటలో ఆగిపోతోంది, సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. అమెరికన్ రాక్ బ్యాండ్ పర్ల్ జామ్ 1991లో తెచ్చిన తొలి ఆల్బమ్ 'టెన్' సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటున్నాను. 11 పాటల్లో 10 శుభ్రంగా వచ్చాయి. చివరి పాట 'రిలీజ్' మాత్రం ప్రతిసారీ 5 నిమిషాల 40 సెకన్ల దగ్గర టకటకమని కొట్టుకుని ఆగిపోతోంది.

నాకు కావాల్సింది ఆ తర్వాతి భాగమే. ఆల్బమ్ మొదట్లో మెల్లగా వినిపించే సంగీతం ఆ పాట అయ్యాక మళ్లీ వస్తుంది. అది లేకపోతే ఆల్బమ్ పూర్తిగా విన్నట్టే ఉండదు. 2009లో రీమిక్స్ వచ్చింది గానీ నాకు పాత మిక్స్ అంటేనే ప్రాణం.

సబ్బు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచాను. రెండు డ్రైవ్‌లు మార్చాను. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సీడీ కాపీ సాఫ్ట్‌వేర్‌లో, మళ్లీ మళ్లీ చదివి సరిచూసే సెక్యూర్ మోడ్ పెట్టి, వేగం 4ఎక్స్‌కి తగ్గించాను. రాత్రంతా నడిచినా అక్కడే ఎర్రర్. ట్రంక్ రోడ్డులో రెండు షాపుల్లో అడిగితే పాలిష్ మెషిన్ లేదన్నారు. లైటుకి ఎదురుగా పట్టి చూస్తే వెండి పొరలో చిల్లులేమీ లేవు. కింది వైపు, బయటి అంచు దగ్గర వంకరగా ఒక గీత మాత్రం ఉంది. వేలిగోరుకి కొంచెం తగులుతోంది.

ఇంత లోతు గీతను మెషిన్ లేకుండా ఇంట్లోనే, డిస్క్ ఇంకా పాడవకుండా, దేనితో పాలిష్ చేయాలి?