కుక్క గుర్రుమంటే ఎవరి మాట వినాలి? ట్రైనర్‌దా, యూట్యూబ్‌దా, డాక్టర్‌దా?

మణికొండ_ల్యాబ్:
మా ల్యాబ్రడార్ కుక్క చిన్నీకి రెండేళ్లు. ఈమధ్య అది తింటున్నప్పుడు ఎవరైనా గిన్నె దగ్గరికి వెళ్తే తినడం ఆపేసి, ఒళ్లు బిగబట్టి గుర్రుమంటోంది. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది, అందుకే టెన్షన్. ఇంటికొచ్చిన ట్రైనర్ ఏమో "మీరే లీడర్ అని దానికి తెలియాలి. మధ్యలో గిన్నె లాగేయండి, గుర్రుమంటే వెల్లకిలా పడేసి నొక్కిపట్టండి" అన్నాడు. యూట్యూబ్‌లో ఒకాయన అదే చెబుతున్నాడు, ఇంకొకావిడ పూర్తిగా ఉల్టా చెబుతోంది. ఇంత సమాచారంలో నమ్మదగింది ఏదో ఎలా తెలుసుకోవాలి?

ఈసీఐఎల్_షెపర్డ్:
ట్రైనర్ చెప్పింది కరెక్టేనండీ. నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో జర్మన్ షెపర్డ్‌లే. కుక్క తోడేలు జాతి, గుంపు మీద పెత్తనం చేసే ఆల్ఫా ఒకటి ఉంటుంది. ఆ స్థానం మీరు తీసుకోకపోతే అది తీసుకుంటుంది. బిస్కెట్లు పెట్టి నేర్పిన కుక్క చేతిలో బిస్కెట్ లేనిరోజు మాట వినదు. ఆ విదేశీ వీడియోలు చూసి గారాబం చేస్తే రేపు పాప మీదకి వస్తుంది.

వాల్తేరు_దేశీ:
షెపర్డ్ గారూ, ఇంట్లో కుక్కకి పద్ధతి ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. తోడేళ్ల లెక్క మాత్రం ఎప్పుడో పాతబడింది. ఈ ఆల్ఫా మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసింది. సంబంధం లేని తోడేళ్లను తెచ్చి ఒకేచోట పెడితే కొట్టుకోక ఏం చేస్తాయి? ఆ మాటను 1970 నాటి తన పుస్తకంతో ఊరూరా తెలిసేలా చేసినవాడు అమెరికా తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచ్. ఆయనే తర్వాత కెనడా ఉత్తరాన ఎల్స్‌మీర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, గుంపు అంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలేనని 1999లో రాశాడు. ఆ పాత పుస్తకం ఇక వేయొద్దని ప్రచురణకర్తలను అడిగాడు కూడా. చెప్పినవాడే వద్దన్న మాట పట్టుకుని మనం ఇంకా కుక్కల్ని వెల్లకిలా పడేస్తున్నాం. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

దీని వల్ల పాపకే ప్రమాదం ఎక్కువ. 2009లో అమెరికాలో, ప్రవర్తన సమస్యలతో క్లినిక్‌కి తెచ్చిన కుక్కల యజమానుల మీద ఒక సర్వే వచ్చింది. అలా పడేసి నొక్కిన వాళ్లలో దాదాపు మూడో వంతు మంది మీద కుక్క తిరగబడింది. గిన్నె లాగేస్తే చిన్నీ నేర్చుకునేది ఒక్కటే: మనిషి వస్తే తిండి పోతుందని. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుందేమో గానీ, భయం అలాగే ఉంటుంది. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా కరుస్తుంది. గుర్రుమనడం మీకు అది ఇస్తున్న హెచ్చరిక, దాన్ని పోగొట్టుకోకండి.

మణికొండ గారూ, అది ఒళ్లు బిగబట్టనంత దూరంలో నిలబడండి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన ఎముకలేని చికెన్ ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి, వెంటనే వెనుదిరిగి వెళ్లిపోండి. రోజూ ఇంతే. కొన్నాళ్లకు మీ అడుగుల చప్పుడు వినగానే గిన్నెలోంచి తలెత్తి, మెడ వదులుగా, నడుముతో సహా తోక ఊపుతూ మీకోసం చూస్తుంది. అప్పుడు ఒక అడుగు ముందుకు వేయండి. మళ్లీ మెడ బిగిసిందా, ఒక అడుగు వెనక్కి. పాపను మాత్రం ఇందులోకి తేవద్దు. చిన్నీ తినేటప్పుడు మధ్యలో తలుపు ఉండాల్సిందే.

ఇక ఎవరిని నమ్మాలి అంటే, ట్రైనర్‌ని పిలిచే ముందే "కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?" అని అడగండి. మెడ బిగించే చోక్ చైన్, కరెంటు షాక్ ఇచ్చే కాలర్ మాట వస్తే వద్దనేయండి. వారంలో మార్చేస్తానని గ్యారంటీ ఇచ్చినా వద్దనేయండి. మన దగ్గర ఎవరైనా ట్రైనర్ అని బోర్డు పెట్టేసుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. చదవడానికి ఏవీఎస్‌ఏబీ అనే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటన ఉచితంగా దొరుకుతుంది. శిక్షతో కాదు, మెచ్చి బహుమతి ఇచ్చే పద్ధతిలోనే నేర్పాలని అందులో సూటిగా రాశారు. వీడియోలు కావాలంటే కికోపప్ ఛానల్ చూడండి.

ఈసీఐఎల్_షెపర్డ్:
చదివాను. పడేసి నొక్కడం నేనూ ఎప్పుడూ చేయలేదు, ఆ మాట వదిలేస్తాను. కానీ రోడ్డు మీద బైక్ వెళ్తుంటే నా కుక్క ముప్పై అయిదు కిలోల బరువుతో బెల్టు లాక్కుంటూ దూకుతుంది. అప్పుడు చికెన్ ముక్క చూపిస్తే తల కూడా తిప్పదు. అప్పుడేం చేయాలో ఈ పుస్తకాలు చెబుతాయా?

వాల్తేరు_దేశీ:
చెబుతాయండీ. దూకేసిన తర్వాత నేర్పడానికి ఏమీ ఉండదు. అప్పుడు చేయాల్సింది దాన్ని పక్కకు తీసుకెళ్లిపోవడమే. బైక్ కనిపిస్తున్నా ముక్క తినగలిగేంత దూరం ఎంతో చూసి, అక్కడ మొదలుపెట్టాలి. బంజారాహిల్స్ మెయిన్ రోడ్డు మీద కుదరదు. తెల్లవారుజామున ఖాళీ లేఅవుట్‌లో కుదురుతుంది.

గుంటూరు_పశువైద్యం:
నేను వెటర్నరీ చదువుతున్నాను. ఇంతసేపూ ఎవరూ అనని మాట ఒకటి. రెండేళ్లు బాగున్న కుక్క "ఈమధ్య" మారిందంటే ముందు ఒంట్లో నొప్పి ఉందేమో చూడాలి. చెవిలో ఇన్ఫెక్షన్, పన్ను నొప్పి, కీళ్ల నొప్పి, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్... వీటిలో ఏదున్నా కుక్క చిరాకు పడుతుంది. ఒకరోజు కాలేజీ క్లినిక్‌కి పొగరుబోతు అని చెప్పి ఒక కుక్కను తెచ్చారు. చెవి తమ్మె ఎత్తి చూస్తే లోపల నల్లటి జిగురు, వాసన. అంత నొప్పితో ఉన్న జీవానికి లీడర్ ఎవరో నేర్పుతారా? రేబిస్ టీకా తేదీ కూడా ఒకసారి చూసుకోండి. పొరపాటున పన్ను దిగితే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నల్గొండ_పొలంగట్టు:
మీరు చెప్పేవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నయి. మా నాయన పొలం కాడ రెండు కుక్కల్ని సాకుతడు, ఆయనకు తెలుగే వస్తది. ఆయన లాంటోళ్లకు ఏమున్నది?

వాల్తేరు_దేశీ:
అన్నా, ఇది నిజమైన లోటు. తెలుగులో ఎవరైనా పశువైద్యులు రాస్తే బాగుండు. అందాకా అమెరికా పశువైద్యురాలు డాక్టర్ సోఫియా యిన్ వేయించిన బొమ్మల పోస్టర్లు చూపించు. భయపడ్డ కుక్క చెవులు వెనక్కి ఎలా పెడుతుంది, ఊరికే ఎందుకు పెదాలు నాక్కుంటుంది, మొహం ఎలా తిప్పుకుంటుంది, అన్నీ బొమ్మల్లోనే ఉంటాయి. నువ్వు పక్కన కూర్చుని రెండు మాటలు చెబితే చాలు, నాన్నగారికి చాలావరకు ఆ కుక్కల్ని చూసే తెలిసి ఉంటుంది.

మణికొండ_ల్యాబ్:
అందరికీ థాంక్స్. ట్రైనర్‌ని ఆపేశాం. శనివారం వెట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అప్పటిదాకా చిన్నీ గిన్నె బాల్కనీలో, తలుపు వేసి.

ఈసీఐఎల్_షెపర్డ్:
మంచి పని చేశారు. క్లినిక్‌కి వెళ్తే కుక్కలు వేరేలా ఉంటాయి, డాక్టర్ ముందు గుర్రుమనకపోవచ్చు. తినేటప్పుడు దూరం నుంచి ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. వీడియో కోసమని దాన్ని రెచ్చగొట్టకండి.