విశాఖ ఆర్కే బీచ్‌లో వేలం బొమ్మలు: ఫైబరా, సిమెంటా?

పెదవాల్తేరు కుంచె:
మా కాలనీ సంఘం తరఫున ఎనిమిది తాబేళ్ల బొమ్మలు, నాలుగు యాళులు (గుడి స్తంభాల మీద చెక్కే సింహంలాంటి మృగాలు) చేయించి, ఒక్కోటి ఒక్కో చిత్రకారుడి చేత రంగులు వేయించాలని తీర్మానం. జనవరి మధ్య నుంచి నెల రోజులు బీచ్ రోడ్డు మీద పెడతాం, తర్వాత వేలం. వచ్చిన డబ్బు పిల్లల వైద్యానికి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే కాలం కూడా అదే, అందుకే తాబేలు. తాబేలు పొడవు నాలుగున్నర అడుగులు, యాళి ఎత్తు అయిదడుగులు. సంఘంలో సగం మంది ఫైబర్ (గాజు నారకి రెజిన్ పట్టించి చేసేది) అంటున్నారు, సగం మంది సిమెంటు. పని తెలిసినవాళ్లు చెప్పండి.

ఫైబర్ మేస్త్రి:
వేలం అన్నారంటే ఫైబరేనండి. 1998లో జూరిక్‌లో, మరుసటి ఏడాది షికాగోలో రంగులేసిన ఆవు బొమ్మల్ని వీధుల్లో నిలబెట్టినప్పుడూ ఫైబర్‌తోనే చేశారు. లెక్క చూడండి. మీ తాబేలుకి పైనా కిందా కలిపి సుమారు 4 చదరపు మీటర్లు. 3 ఎంఎం ఫైబర్ అయితే చదరపు మీటరుకి నాలుగున్నర కేజీలు, అంటే 18 కేజీలు. ఫ్రేముతో కలిపినా 30 దాటదు. అదే 25 ఎంఎం సిమెంటు పూత అయితే 240 కేజీలు. పాడుకున్నాయన మూడో అంతస్తుకి ఎలా ఎక్కిస్తాడు?

అచ్చులో ముందు జెల్‌కోటు, అంటే బయటికి కనబడే నున్నటి పొర, అర ఎంఎం; ఆ వెనక 450 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 450 గ్రాములు) గాజు నార మ్యాటు మూడు వరసలు. మ్యాటు కేజీకి రెజిన్, అంటే గట్టిపడే జిగురు ద్రవం, రెండున్నర కేజీలు. రెజిన్ ఎక్కువైతే పెళుసు, తక్కువైతే మ్యాటు తడవక తెల్లటి మచ్చలు. రెజిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ ఒకటి నుంచి రెండు శాతం. ఆ గట్టిపడటాన్ని తొందరచేసే యాక్సిలరేటర్‌నీ హార్డ్‌నర్‌నీ నేరుగా కలిపితే మంటే, ముందు ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది పొయ్యాలి. నమూనా థర్మోకోల్‌తో చెక్కిస్తే మాత్రం దానిమీద పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పూత వేయించండి, లేకపోతే పాలియెస్టర్ రెజిన్ దాన్ని కరిగించి తినేస్తుంది.

ఇసుక-సిమెంటు:
అదేటండీ, తాబేలు కనబడితే పిల్లలు ఎక్కకుండా ఉంటారా? 3 ఎంఎం పెంకు మీద ఇద్దరు గెంతితే జెల్‌కోటు సాలెగూడులా చిట్లుద్ది. యాళి కోరలు, చెవులైతే మొదటి ఆదివారానికే విరిగిపోతాయి. ఇంకోటి, అచ్చు పోస్తే ఎనిమిదీ ఒకే తాబేలు. గోపురాల మీద బొమ్మలు చేసే మేస్త్రుల చేతికిస్తే ఏ యాళి ముఖం దానిదే. 8 ఎంఎం ఊచ, కోళ్ల జాలీ, 1:3 మాలు (ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్లు ఇసుక), వారం రోజులు తడపడం, అంతే. సముద్రపు ఇసుక మాత్రం పనికిరాదు, ఉప్పుకి లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బుద్ది, పైన పెచ్చులు లేస్తాయి. చెడిపోయిన ఫైబర్‌ని ఏం చేస్తారో అది కూడా చెప్పాలి. కోస్తే గాజు ధూళి, కాలిస్తే విషపు పొగ.

రంగులపెట్టె:
మీరిద్దరూ ఒంటి గురించే కొట్టుకుంటున్నారు. బొమ్మ పరువు పోయేది రంగు దగ్గర. ఫైబర్ బొమ్మ అచ్చులోంచి వచ్చేటప్పుడు పైన మైనం పూత ఉంటుంది. అది పోకుండా రంగేస్తే నెల తిరక్కుండా తొడుగు ఊడినట్టు పొరలుగా వచ్చేస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, థిన్నర్ గుడ్డతో తుడిచి, మళ్లీ నీళ్లు పోసి చూడండి. నీళ్లు పరుచుకుంటే సరే, చుక్కలుగా ముడుచుకుంటే మైనం ఇంకా ఉన్నట్టే. ఆ తర్వాతే 220, 320 నంబరు గరుకు కాగితం, ఎపాక్సీ ప్రైమర్, దానిమీద అక్రిలిక్ రంగులు, చివర యూవీ రక్షణ ఉన్న టూకే పీయూ క్లియర్ (రెండు భాగాలు కలిపి కొట్టే పారదర్శక పాలీయురెథేన్ పూత) రెండు చేతులు. ముందే కాగితం పెడితే మైనాన్ని గీతల్లోకి తోసినట్టవుతుంది. క్లియర్ కొట్టేవాళ్లకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి మాస్కు తప్పనిసరి, దుమ్ము మాస్కు ఆ పూతలోంచి వచ్చే ఐసోసయనేట్ అనే హానికర రసాయనాన్ని ఆపదు. జనవరి మంచు కదా, పొద్దున పదికి మొదలెట్టి మూడింటికల్లా ముగించాలి. పొద్దుగూకాక కొడితే తెల్లగా మబ్బు పడుతుంది.

సిమెంటైతే 28 రోజులు ఆరనివ్వాలి. పచ్చి సిమెంటు క్షారానికి ఆయిల్ పెయింటు సబ్బులా మారి జిగటపడి ఊడుతుంది. అక్రిలిక్ ప్రైమరే వాడండి.

ఏటికొప్పాక అభిమాని:
పక్కనే లక్క బొమ్మల ఏటికొప్పాక ఉండగా పరాయి రంగులెందుకు? లక్క రంగులేయిస్తే వేలంలో ధర కూడా పలుకుతుంది కదా.

రంగులపెట్టె:
లక్కని కుంచెతో పూయరండి. తరిణె (కర్రని తిప్పే లేత్) మీద అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనించి, ఆ రాపిడి వేడికి కరిగించి పట్టిస్తారు. తాబేలుని తరిణెకెక్కించలేం. పైగా ఎండలో లక్క మెత్తబడుతుంది, సహజ రంగులు వెలుస్తాయి. చిన్న కర్ర తాబేళ్లు చేయించి అదే వేలంలో విడిగా అమ్మండి, అది మంచి ఆలోచనే.

గాజువాక వెల్డింగ్:
గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. జనవరిలో తుపాన్లు అరుదే, కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసిన ఊరిది. డిజైన్‌కి తీసుకునే గాలి వేగం మనకి సెకనుకి 50 మీటర్లు. అంటే చదరపు మీటరుకి సుమారు 150 కేజీల తోపుడు. యాళికి ఎదురు వైశాల్యం ఒక చదరపు మీటరు అనుకుంటే, మీటరు చదరం, 20 సెంటీమీటర్ల మందం కాంక్రీటు దిమ్మ పెట్టండి. 480 కేజీలు ఉంటుంది, పడదు. నాలుగు 12 ఎంఎం బోల్టులతో బిగిస్తే వేలమయ్యాక బొమ్మ ఊడదీసుకోవచ్చు, దిమ్మ మీకే మిగులుద్ది. బయటికి కనబడే బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టండి. 304 రకానికి సముద్రపు గాలిలో గోధుమ రంగు మచ్చలొస్తాయి.

ఫైబర్ మేస్త్రి:
పిల్లలు ఎక్కే మాట నిజమే. తాబేలు డిప్ప కింద మూడు పక్కటెముకలు పెట్టి, అక్కడ మ్యాటు అయిదు వరసలు చేస్తే గెంతినా ఆగుతుంది. ఓ పది కేజీలు పెరుగుతుంది, అంతే. చెడినదాన్ని ఏం చేయాలంటే మాత్రం, ఇసుక-సిమెంటు గారూ, నా దగ్గరా మంచి జవాబు లేదు.

ఇసుక-సిమెంటు:
అందుకే చెప్తున్నా. ఎనిమిది తాబేళ్లకి అచ్చు గిట్టుద్ది, నాలుగు యాళులకి గిట్టదు. కోరలకీ జూలుకీ అచ్చు అయిదారు ముక్కలు చెయ్యాలి. యాళుల్ని సిమెంటుతో చేయించి, వేలం వెయ్యకుండా దాత పేరు చెక్కి ఏదైనా పార్కుకి ఇచ్చేయండి. విరాళం డబ్బు అలా కూడా వస్తుంది.

పెదవాల్తేరు కుంచె:
ఇది నచ్చింది. ఒకాయన యాళి బదులు వరాహ నరసింహుడి రూపం పెడదామంటున్నారు.

ఇసుక-సిమెంటు:
వద్దు బాబూ. సింహాచలం అప్పన్న రూపాన్ని పాట పెట్టి అమ్ముతారా? రోడ్డు మీద కాళ్లూ చేతులూ తగులుతాయి కూడా. యాళి స్తంభాల మీది మృగమే, పూజలందుకునేది కాదు, దానితో పేచీ రాదు. మేస్త్రికి డిసెంబరు మొదటి వారంలోపు మాలు పని అయిపోవాలని ఇప్పుడే చెప్పండి, ఆ 28 రోజులు అక్కడి నుంచే లెక్క.