ఇంగ్లండ్‌లో ఇల్లు: పాత కోవనెంట్‌కి ఇండెమ్నిటీ పాలసీ చాలా?

రీడింగ్_కొత్తకాపు: 1960ల నాటి సెమీ డిటాచ్డ్ చూశాం, బాగా నచ్చింది. టైటిల్ రిజిస్టర్‌లో ఒక కోవనెంట్, అంటే కొన్నవాళ్ళు పాటించాల్సిన షరతు, ఉంది: బిల్డర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటికి ఏమీ చేర్చి కట్టకూడదట. అమ్మేవాళ్ళు వెనక కిచెన్ పెంచారు. కౌన్సిల్ కాగితాలన్నీ ఉన్నాయి, బిల్డర్ అనుమతి మాత్రం లేదు. వాళ్ళ సొలిసిటర్ (ఇంటి కాగితాలు చూసే లాయర్) ఇండెమ్నిటీ పాలసీ, అంటే ఆ షరతు మీద ఎవరైనా కేసేస్తే నష్టం భరించే ఇన్సూరెన్స్, ఇప్పిస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

స్లౌ_మామయ్య: కళ్ళు మూసుకుని ఒప్పుకోండి. ఒక్కసారి కడితే సరి, ఏటా కట్టే పని లేదు. రేపు మీరు అమ్మినా కొన్నవాళ్ళకి వర్తిస్తుంది. ప్రీమియం మాత్రం అమ్మేవాళ్ళ చేతే కట్టించండి.

ఎంకే_అక్క: ఆ బిల్డర్‌కే ఒక ఉత్తరం రాసి, ఇప్పుడు అనుమతి తీసుకోవచ్చు కదా?

స్లౌ_మామయ్య: అమ్మో, ఆ పని చేయొద్దు! వాళ్ళని కదిలిస్తే సాధారణంగా ఏ కంపెనీ పాలసీ ఇవ్వదు.

ఎంకే_అక్క: నోరు విప్పకుండా కూర్చుంటేనే పనిచేసే ఇన్సూరెన్స్ ఏం ఇన్సూరెన్సండీ? మాకూ ఇలాంటిదే అంటగట్టారు. కంప్లీషన్ (డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకోవడం) ముందు రోజు సాయంత్రం మా సొలిసిటర్ ఆ కాగితాలు ఈమెయిల్‌లో పడేశారు. తర్వాత లాఫ్ట్‌లో గది వేద్దామంటే, పాలసీ పాత కట్టడానికే అన్నారు. అనుమతి అడిగితే పాతది బయటపడి పాలసీ పోతుంది. అడక్కుండా కడితే కోవనెంట్‌ని మళ్ళీ మీరినట్టు. లాఫ్ట్‌లో ఇప్పటికీ సూట్‌కేసులే ఉన్నాయి.

స్లౌ_మామయ్య: అది సొలిసిటర్ తప్పమ్మా. ఇంతకీ ప్రీమియం ఎవరు కట్టారు?

ఎంకే_అక్క: ప్రీమియం సంగతి వదిలేయండి.

స్లౌ_మామయ్య: ఎందుకు వదలాలి? తప్పు వాళ్ళది, డబ్బు మనదా?

క్రాయిడన్_కుర్రాడు: లక్షల పౌండ్ల ఇల్లు కొంటూ ప్రీమియం దగ్గరా పేచీ 😀

లా_చదివినోడు: ఇలాంటి నిషేధ షరతు ఇంటితోపాటే వస్తుంది. లండన్ లీస్టర్ స్క్వేర్‌లో తోటని ఖాళీగానే ఉంచాలన్న షరతు మీద 1848లో టల్క్ వర్సెస్ మాక్సే తీర్పు వచ్చింది. షరతు తెలిసి కొన్నవాళ్ళు దానికి కట్టుబడాల్సిందే అన్నారు. కాలం చెల్లిన షరతైతే 1925 లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 84 కింద అప్పర్ ట్రిబ్యునల్‌కి వెళ్ళి తీయించుకోవచ్చు, సడలింపు కోరవచ్చు. ఖర్చు, కాలం రెండూ బాగానే పడతాయి.

స్లౌ_మామయ్య: ఐదేళ్ళుండి అమ్మేసి హైదరాబాద్ వెళ్ళిపోయేవాడికి ట్రిబ్యునల్ ఎందుకు బాబూ? లోనిచ్చేవాళ్ళు పాలసీకి సరేనంటే చాలు.

ఎంకే_అక్క: ఇప్పుడొచ్చింది అసలు మాట! మీరు అమ్ముకోవడానికి కొన్నారు, మేం ఉండటానికి కొన్నాం. ఎవరైనా కేసేస్తే పాలసీ లాయర్ ఖర్చులిస్తుంది, ఇంటి విలువ పడిపోతే నష్టమిస్తుంది. గది కట్టుకునే హక్కు ఇస్తుందా?

స్లౌ_మామయ్య: అంటే అమ్మానాన్నల్ని అక్కడే వదిలేసి ఇక్కడే ఉండిపోతారా?

ఎంకే_అక్క: ఆ గది వాళ్ళ కోసమే. మా ఇంటి సంగతులు మీకెందుకు?

రీడింగ్_కొత్తకాపు: మీరిద్దరూ కాస్త ఆగండి. మా ఆయన గ్యారేజీ మీద ఒక గది వేద్దామంటున్నారు. దానికీ ఇదే తిప్పలా?

లా_చదివినోడు: మీరు చెప్పిన షరతు ప్రకారం అవును. ఆ సంగతి మీ సొలిసిటర్‌కి ఎక్స్ఛేంజ్ (ఇరుపక్షాలూ ఒప్పందానికి కట్టుబడే ఘట్టం) కాకముందే చెప్పండి. పాలసీ తీసుకోవాలా, ముందు అనుమతి తెమ్మని అమ్మేవాళ్ళని అడగాలా అన్నది దాన్నిబట్టే తేలాలి. ఈలోపు బిల్డర్‌కి మాత్రం మీరు ఫోన్ చేయకండి.