ట్యాగు మీద ఇంగ్లిష్ పేరుకి ఇటాలిక్ సెరిఫ్ ఫాంట్ ఏది బాగుంటుంది?

నాగావళి_గట్టు:
మాది శ్రీకాకుళం. అక్క పొందూరు ఖాదీ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతోంది, చీరకి కట్టే ట్యాగు డిజైన్ నా మీద పెట్టింది. గోధుమరంగు గరుకు కాగితం, రెండంగుళాల వెడల్పు, పైన ఇంగ్లిష్‌లో పేరు, కింద అదే పేరు తెలుగులో, వెనక నేత గురించి ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు. అంతటా కార్మొరాంట్ అనే సెరిఫ్ ఫాంట్ (గీతల చివర చిన్న కొనలుండే రకం) పెట్టాను, అందులోనూ ఇటాలిక్, అంటే వాలు అక్షరాలది. స్క్రీన్ మీద ఎంత బాగుందో, ప్రింటు శాంపిల్‌లో సన్నగీతలు సగం మాయం. పైగా జత కుదరాలని తెలుగుని కూడా డీటీపీ అతను వాల్చేశాడు, అది పడిపోతున్నట్టుంది. ఏం మార్చాలి?

డీటీపీ_బాబాయ్:
కార్మొరాంట్ పెద్ద సైజు కోసం గీసిన ఫాంట్ తమ్ముడూ. క్రిస్టియన్ థాల్మన్ గీశాడు, పోలిక గారమాండ్ అనే పాతకాలపు పుస్తకాల అక్షరాలదే గానీ గీతలు బాగా సన్నం, అక్షరాల లోపలి ఖాళీలు మరీ చిన్నవి. 8, 9 పాయింట్లకి దించి గరుకు కాగితం మీద వేస్తే ఇంకు పాకి ఆ ఖాళీ పూడిపోవాలి, లేదా గీత తెగాలి, మరో దారి లేదు. పేరుకి అదే ఉంచు, కాకపోతే సెమీబోల్డ్ (కాస్త మందం) ఇటాలిక్ తీసుకుని 20 పాయింట్లు దాటించు. వెనక లైన్లకి ఈబీ గారమాండ్ వాడు. దాని ఇటాలిక్‌కి మూలం 1592 నాటి అక్షర నమూనా పత్రంలోని రాబర్ట్ గ్రాంజాన్ చెక్కిన అచ్చు అక్షరాలు, చదవడానికి హాయిగా ఉంటుంది. రెండూ ఫ్రీయే.

కోట_జంక్షన్:
తెలుగుని మాత్రం వాల్చకండి, దండం పెడతా. ఇంగ్లిష్ ఇటాలిక్ అంటే నిటారు అక్షరాన్ని పక్కకి తొయ్యడం కాదు, 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ చిన్న పుస్తకాలు అచ్చేసినప్పుడు ఫ్రాన్సెస్కో గ్రిఫో అప్పటి చేతిరాత చూసి విడిగా చెక్కిన అక్షరాలవి (క్యాపిటల్స్ అప్పుడు నిటారుగానే ఉండేవి, అదో వింత). అందుకే ఇటాలిక్‌లో చిన్న ‘ఎ’కి నెత్తిన వంపు ఉండదు, ‘ఎఫ్’ తోక చాలా ఫాంట్లలో లైను కిందికి దిగుతుంది. మన ఫాంట్లలో చాలావాటికి అలా విడిగా గీసిన జత లేదు, సాఫ్ట్‌వేర్ ఉన్నదాన్నే లాగేస్తుంది, దాంతో తలకట్టు కుడికి, ఒత్తు ఎడమకి జరిగిపోతాయి. తెలుగు నిటారుగానే ఉంచి గీత మందం కలిసేలా చూడండి, చాలు. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ పేర్లతో ఫాంట్లున్నాయి. మనవైపు వాళ్ల పేర్లని ముందు అవే చూస్తాను నేను, పక్షపాతమే అనుకోండి.

నాగావళి_గట్టు:
థాంక్సండీ ఇద్దరికీ. ఇంగ్లిష్ పేరంతా క్యాపిటల్స్‌లో ఉంది, అది పర్లేదా?

డీటీపీ_బాబాయ్:
వద్దు. ఇటాలిక్ సొగసంతా చిన్నక్షరాల్లోనే, మొదటిదొక్కటే క్యాపిటల్ ఉంచు. అన్నీ క్యాపిటల్సే కావాలని అక్క పట్టుబడితే నిటారు ఫాంట్‌కి మారి అక్షరాల మధ్య కాస్త ఎడం ఇవ్వు. ప్రింటుకి పంపేముందు కోరల్‌డ్రాలో (డిజైన్ సాఫ్ట్‌వేర్) కర్వ్స్ చెయ్యడం, అంటే అక్షరాలని గీతల బొమ్మగా మార్చడం, మర్చిపోకు, వాళ్ల సిస్టంలో ఆ ఫాంట్ లేకపోతే దాని బదులు ఏరియల్ లాంటి మామూలు ఫాంట్ వచ్చి కూర్చుంటుంది.