2000 వాట్ల యాంప్ కొంటే సరిపోతుందా? మొదటిసారి కారులో సబ్‌వూఫర్ పెట్టిస్తున్నా

కొత్తడిక్కీ:
అందరికీ నమస్తే. నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. కంపెనీ ఇచ్చిన స్టీరియో, నాలుగు డోర్ స్పీకర్లు, అంతే. సౌండ్ పెంచితే కిక్ డ్రమ్ పడ్డప్పుడల్లా డోర్ ప్యానెల్ గడగడలాడుతుంది గానీ బేస్ మాత్రం రాదు. రెండు వారాలుగా వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు.

ప్రస్తుతానికి మనసులో ఉన్నవి: పెట్టె మీద 1400 వాట్లు అని రాసున్న 12 అంగుళాల సబ్ (బేస్ కోసమే ఉండే స్పీకర్) ఒకటి, 2000 వాట్లు అని రాసున్న 4 ఛానెల్ యాంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్) ఒకటి. 1400 కంటే 2000 ఎక్కువ కాబట్టి యాంప్ కష్టపడకుండా నడిపేస్తుందని నా లెక్క. ఇది కరెక్టేనా? స్టీరియో వెనక ఆర్‌సీఏ పిన్నులు (యాంప్‌కి సిగ్నల్ పంపేవి) లేవు, మార్చాల్సిందేనా? బాక్స్ మూసినది మంచిదా, పోర్ట్ (గాలి వెళ్లే గొట్టం) ఉన్నదా? ఇంకో సంగతి, డిక్కీ మొత్తం దీనికే ఇచ్చేస్తానంటే ఇంట్లో ఊరుకోరు, రెండు బ్యాగులైనా పట్టాలి. బ్యాటరీ దిగిపోతుందేమోనని టెన్షన్ కూడా ఉంది.

ఓమ్స్‌లెక్క:
బ్రదర్, ముందు ఆ 1400, 2000 రెండూ మర్చిపోండి. అవి మ్యాక్స్ పవర్ అంకెలు, పెట్టె అందంగా కనిపించడానికి వేసేవి. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఎంతసేపైనా ఇవ్వగలిగే పవర్. మీరు చూసిన సబ్ కాగితంలో వెనకెక్కడో చిన్న అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ 350 అనో 300 అనో ఉంటుంది, వెతకండి.

యాంప్ నిజంగా ఎంత ఇస్తుందో తెలుసుకోవడానికి నేను వాడే మోటు పద్ధతి ఒకటి చెప్తా. దాని ఒంటి మీద ఉన్న ఫ్యూజ్ చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఒక్కటే ఉందనుకోండి, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు సుమారు 13.8 వోల్టులు, గుణిస్తే 414 వాట్లు. అది లోపలికి వెళ్లే పవర్. క్లాస్ డీ యాంప్ అయితే అందులో దాదాపు 80 శాతం స్పీకర్‌కి చేరుతుంది, అంటే 330 చిల్లర. క్లాస్ ఏబీ అయితే 60 శాతం వచ్చినా సంతోషమే, మిగతాది వేడి కింద పోతుంది. మరి 2000 ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్యూజ్ ఫొటో పెట్టమని అడగండి, అమ్మేవాళ్లు అక్కడే నీళ్లు నములుతారు. స్పెక్ షీట్‌లో సీటీఏ 2006 (పాత పేరు సీఈఏ 2006) ప్రకారం కొలిచామని రాసుంటే ఆ అంకెను కొంత నమ్మొచ్చు, ఎందుకంటే అందులో 14.4 వోల్టుల దగ్గర, డిస్టార్షన్ 1 శాతం దాటకుండా కొలవాలని రూలు ఉంది.

ఇక రెండోది, ఓమ్స్, అంటే స్పీకర్ కాయిల్ కరెంటుకి ఇచ్చే అడ్డు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. సబ్ ఒక్కదానికే యాంప్ అయితే 4 ఛానెల్ ఎందుకండీ, మోనోబ్లాక్ (ఒకే ఛానెల్ ఉన్న యాంప్) తీసుకోండి. మోనోబ్లాక్ స్పెక్ ఇలా ఉంటుంది అనుకుందాం: 4 ఓమ్స్ దగ్గర 200, 2 ఓమ్స్ దగ్గర 350, 1 ఓమ్ దగ్గర 500. అదే యాంప్‌కి సింగిల్ కాయిల్ 4 ఓమ్స్ సబ్ తగిలిస్తే మీకు వచ్చేది 200 మాత్రమే, 500 ఇచ్చే యాంప్ కొన్నానని మీరు మురిసిపోతుంటారు. అదే సబ్ డ్యూయల్ 4 ఓమ్స్ రకం తీసుకుంటే రెండు కాయిళ్లూ ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్స్, 350 వస్తుంది. డ్యూయల్ 2 ఓమ్స్ అయితే ప్యారలల్‌లో 1 ఓమ్, సిరీస్‌లో 4 ఓమ్స్. అందుకే సబ్ ముందా యాంప్ ముందా అని కాదు, రెండు స్పెక్ షీట్లూ పక్కపక్కన పెట్టుకుని ఒకేసారి తేల్చుకోవాలి. యాంప్ 2 ఓమ్స్ వరకే తట్టుకుంటుందని రాసుంటే దానికి 1 ఓమ్ తగిలించొద్దు. ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతే అదృష్టం, లేకపోతే పొగ.

డబ్బావడ్రంగి:
ఓమ్స్‌లెక్క గారు చెప్పిందంతా నిజమే గానీ అసలు మొదలుపెట్టాల్సింది డిక్కీలో టేపు పట్టుకుని. ఎంత చోటు వదలగలరో తేలితే బాక్స్ తేలుతుంది, బాక్స్ తేలితే సబ్ సైజు తేలుతుంది, యాంప్ ఆఖర్న. అందరూ తలకిందులుగా చేస్తారు. నేను పదిహేనేళ్లుగా సరదాకి బాక్సులు చేస్తున్నా, మంచి సబ్‌ని తప్పు బాక్స్‌లో పెట్టి "ఈ కంపెనీ బాలేదు" అన్నవాళ్లే ఎక్కువ.

రెండు బ్యాగులు పట్టాలంటున్నారు కాబట్టి 12 వదిలేయండి, 10 అంగుళాలు, మూసిన బాక్స్. 10కి మూసిన బాక్స్ అంటే సుమారు 20 లీటర్లు చాలు. 12కి పోర్ట్ బాక్స్ అంటే 50 నుంచి 60 లీటర్లు, ఇక మీ బ్యాగులు ఒళ్లో పెట్టుకోవాలి. "10 సరిపోతుందా" అని అనుమానం వద్దు, చిన్న కారులో లోపలి గాలే సాయం చేస్తుంది. తలుపులు మూశాక ఒక ఫ్రీక్వెన్సీ కిందకి వెళ్లేకొద్దీ బేస్ దానంతటదే పెరుగుతుంది, దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. మూసిన బాక్స్‌లో కింది బేస్ నెమ్మదిగా తగ్గుతుంది, ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్, ఆ తగ్గేదాన్ని క్యాబిన్ చాలావరకు భర్తీ చేస్తుంది. పోర్ట్ బాక్స్ ట్యూనింగ్ (పోర్ట్ మోగే ఫ్రీక్వెన్సీ) దగ్గర గట్టిగా మోగుతుంది గానీ దాని కిందకి వెళ్తే 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, పైగా అక్కడ కోన్‌ని పట్టుకునేది ఏమీ ఉండదు కాబట్టి సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) లేకపోతే అది బయటికి ఎగిరొచ్చేలా ఊగుతుంది.

బాక్స్ లెక్కలో ఒక్క తప్పు చేయొద్దు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో బయటి కొలతలు 38, 32, 26 సెంటీమీటర్లు అనుకోండి. బయటి నుంచి గుణిస్తే 31.6 లీటర్లు వస్తుంది, భలే ఉందే అనిపిస్తుంది. కానీ ప్రతి కొలతలోనూ రెండు పక్కల చెక్క పోతుంది, 3.6 సెంటీమీటర్లు. లోపల మిగిలేది 34.4, 28.4, 22.4. గుణిస్తే 21.9 లీటర్లు. సబ్ వెనక మ్యాగ్నెట్ ఆక్రమించేది ఒక లీటరున్నర తీసేస్తే 20 చిల్లర. అంటే పది లీటర్లు చెక్కే మింగేసింది! 10 అంగుళాల సబ్‌కి ఇది సరిగ్గా సరిపోయే సైజు, కావాలంటే ఇదే కట్ చేయించుకోండి. సబ్ లోతు మాత్రం ముందు చూసుకోండి, మ్యాగ్నెట్ వెనక గోడకి ఆనకూడదు. జాయింట్లన్నిటికీ లోపల నుంచి జిగురు పూసి, ఆరాక అగరబత్తి పొగతో చెక్ చేయండి, గాలి కారితే కుయ్ మని కూత వస్తుంది.

సీటుకింద:
ఇంత తతంగం ఎందుకండీ. సీటు కింద పట్టే యాక్టివ్ సబ్‌లు ఉన్నాయి కదా, యాంప్ లోపలే ఉంటుంది, 8 అంగుళాలు. నేను అదే పెట్టా, డిక్కీ డిక్కీలాగే ఉంది, ఓ గంటన్నరలో పని అయిపోయింది. డోర్ స్పీకర్లకి లేని నిండుదనం వచ్చింది, నాకు అది చాలు. వీపుకి తగలాలి, అద్దాలు ఊగాలి అంటే మాత్రం ఇది పనికిరాదు, ఒప్పుకుంటా. అన్నట్టు సీటు కింద నీళ్లు చేరే కారైతే పెట్టొద్దు, నాకు ఒకసారి ఏసీ నీళ్లు లోపలికి కారి గుండె ఆగినంత పనైంది.

ఓమ్స్‌లెక్క:
అది కూడా మంచి ఆప్షనే, ఎక్కువ ఆశలు పెట్టుకోకపోతే. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. ఆ సన్నటి కోన్ అంత కిందకి దిగడానికి చాలా అవస్థ పడుతుంది, వినపడుతుంది గానీ ఒంటికి తెలియదు.

కొత్తడిక్కీ గారూ, స్టీరియో మార్చక్కర్లేదు. హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ చూడండి, వెనక డోర్ స్పీకర్ల వైర్లనుంచే సిగ్నల్ తీసుకుంటుంది. అది లేకపోతే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏకి సరిపడేలా మార్చేది) పెట్టాలి. ఒక చిక్కు మాత్రం ఉంది, కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ డోర్ స్పీకర్లు చిరిగిపోకుండా బేస్‌ని అవే తగ్గించేస్తాయి. కింద వాల్యూమ్‌లో బాగుండి పైన సబ్ మాయమైపోతే దోషం సబ్‌ది కాదు.

కొత్తడిక్కీ:
అమ్మో, చాలా విషయం ఉంది. సరే, 12 ఆలోచన మానేశా. 10 అంగుళాల డ్యూయల్ 4 ఓమ్స్, ఆర్‌ఎంఎస్ 300. యాంప్ మోనోబ్లాక్ క్లాస్ డీ, 2 ఓమ్స్ దగ్గర 350, హై లెవెల్ ఇన్‌పుట్ ఉంది. డబ్బావడ్రంగి గారి కొలతలతోనే బాక్స్ కట్ చేయిస్తున్నా. సబ్ 300 అయితే యాంప్ 350, ఎక్కువ కదా, కాలిపోదా? వైరింగ్ కిట్ ఏది తీసుకోవాలో కూడా చెప్పండి.

డబ్బావడ్రంగి:
కాలిపోవడం గురించి నన్నడగండి, అనుభవం ఉంది. నా మొదటి సబ్ ఆర్‌ఎంఎస్ 400, యాంప్ 150 ఇచ్చేది. చిన్న యాంప్ కదా సబ్‌కి ఏం కాదులే అని గెయిన్ చివరికంటా తిప్పి, బేస్ బూస్ట్ కూడా ఫుల్ పెట్టి రెండు గంటల ప్రయాణం చేశా. గంట దాటాక కారంతా ఏదో వార్నిష్ కాలుతున్న వాసన. టైరేమో అనుకుని దిగి చుట్టూ తిరిగి చూశా. ఇంటికొచ్చి కోన్‌ని వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల గరగర, మల్టీమీటర్ పెడితే కాయిల్ ఓపెన్. యాంప్ తాహతుకి మించి తోలితే తరంగం పైనా కిందా కత్తిరించినట్టు చదునైపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు అది రాసిన 150 కంటే చాలా ఎక్కువే పంపిస్తుంది, పైగా బూస్ట్ ఒకటి, కాయిల్‌కి ఊపిరి తీసుకునే సందు ఉండదు. అది కూడా చిన్న యాంప్ చేసిన నేరం కాదు, నా చేతిది. కాబట్టి సబ్ కంటే యాంప్ కాస్త పెద్దదే ఉండనివ్వండి, గెయిన్ అదుపులో పెట్టుకుంటే చాలు.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, ఇది గోడ మీద రాసుకోవాలి. స్టీరియో ఎంత సిగ్నల్ పంపుతుందో దానికి యాంప్‌ని సరిపెట్టే స్క్రూ అది.

ఓమ్స్‌లెక్క:
ఆ స్క్రూ ఎంత తిప్పాలో చెవితో కాదు, మీటర్‌తో తేల్చొచ్చు. వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి. మీకు 300 ఇంటూ 2, అంటే 600, వర్గమూలం 24.5 వోల్టులు. సబ్ వైర్లు ఊడదీసి, బేస్ బూస్ట్ సున్నాలో పెట్టి, స్టీరియోలో బేస్ ట్రెబుల్ మధ్యలో పెట్టి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేసి, వాల్యూమ్ నాలుగింట మూడొంతులకి పెంచండి. మీటర్ ఏసీ వోల్టుల్లో యాంప్ అవుట్‌పుట్ మీద పెట్టి, 24.5 వచ్చేదాకా గెయిన్ తిప్పి వదిలేయండి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలు సబ్‌కి వెళ్లకుండా ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, మగవాళ్ల గొంతు డిక్కీలోంచి వస్తున్నట్టు అనిపిస్తే ఇంకొంచెం తగ్గించండి.

వైర్ సంగతి. 350 వాట్లకి కరెంటు లెక్క వేస్తే 350 బై 0.8 బై 13.8, సుమారు 32 ఆంపియర్లు. పూర్తి రాగి వైరైతే 8 గేజ్ సరిపోతుంది, రేపు పెద్ద యాంప్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 4 గేజ్ లాగించేయండి, ప్యానెళ్లు రెండోసారి ఊడదీయడం నరకం. చవక కిట్లలో సీసీఏ ఉంటుంది, అల్యూమినియం తీగకి పైన రాగి పూత. అదే లావున్నా కరెంటుని రాగి అంత బాగా మోయలేదు. చివర కాస్త గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అదే. మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అది యాంప్ కోసం కాదు, మధ్యలో వైర్ ఎక్కడైనా బాడీకి రాసుకుంటే కారు అంటుకోకుండా ఉండటానికి. బానెట్ నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ తప్పకుండా వేయించండి.

బ్యాటరీ గురించి టెన్షన్ అక్కర్లేదు, ఇంజన్ ఆన్‌లో ఉండగా వింటే ఈ మాత్రం లోడ్ ఆల్టర్నేటర్ చూసుకుంటుంది, పాటలో ఎప్పుడూ పూర్తి 32 ఆంపియర్లు లాగదు కూడా. ఇంజన్ ఆపి గంటలకొద్దీ వింటే మాత్రం ఎవరూ కాపాడలేరు.

కొత్తడిక్కీ:
తొమ్మిది రోజుల తర్వాత అప్‌డేట్. అయిపోయిందండీ! మొదటి రోజు ఏడుపొచ్చింది, యాక్సిలరేటర్ నొక్కితే స్పీకర్లలో ఈఈఈ మని సన్నటి కూత, ఇంజన్‌తో పాటే పెరుగుతుంది. విప్పి చూస్తే ఫిట్ చేసినాయన గ్రౌండ్ వైర్‌ని సీటు బెల్ట్ బోల్ట్ కింద పెయింట్ మీదే బిగించేశాడు. వేరే చోట చిన్న బోల్ట్ వేసి, ఇనుము మెరిసేదాకా గీకి, వైర్ కూడా జానెడుకి కుదించాక కూత పూర్తిగా పోయింది. ఇంకోటి, యాంప్ మీద ఫేజ్ అని 0, 180 స్విచ్ ఉంటే ఊరికే అటు నొక్కా. డ్రైవర్ సీట్లో కూర్చుంటే బేస్ ఒక్కసారిగా ముందుకొచ్చినట్టు అయింది. సబ్ మార్చినంత తేడా, ఒక్క స్విచ్‌తో. రెండు బ్యాగులూ పడుతున్నాయి.

ఒక్కటే మిగిలింది, వెనక ఎక్కడో రేకు కొట్టుకుంటున్న చప్పుడు, 45 హెర్ట్జ్ దగ్గర మరీ ఎక్కువ. బాక్స్ కాదు, చేత్తో పట్టుకుని చూశా.

డబ్బావడ్రంగి:
నంబర్ ప్లేట్. కిందికి దిగి దాన్ని అరచేత్తో అదిమిపట్టి ఎవరినైనా పాట పెట్టమనండి. వెనక ఫోమ్ టేప్ రెండు ముక్కలు అంటిస్తే ఆగిపోతుంది. అది ఆగాక డిక్కీ పైన ట్రే మొదలుపెడుతుంది, టేప్ చుట్ట పారేయకండి.