నలుగురు ఎడిటర్లకు ఒకే స్టోరేజీ: ఎన్ని టెరాబైట్లు తీసుకోవాలి?

కత్తెర_హైదరాబాద్: మేము నలుగురం పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాం. ఇన్నాళ్లూ ఎక్స్‌టర్నల్ డ్రైవులనే చేతులు మార్చుకుంటూ నెట్టుకొచ్చాం. మొన్న జీలకర్ర బెల్లం షాట్లు ఏ డ్రైవులో ఉన్నాయో వెతకడానికే ఒక పూట పట్టింది. ఎనిమిది డిస్కుల న్యాస్ (నెట్‌వర్కు ద్వారా అందరూ వాడుకునే స్టోరేజీ పెట్టె) కొనాలనుకుంటున్నాం. ఎంత సామర్థ్యం తీసుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

టైమ్‌లైన్_బెజవాడ: సామర్థ్యం సంగతి తర్వాత చూద్దాం, ఒకే సమయంలో ఎన్ని స్ట్రీములు (ప్లే అయ్యే వీడియోలు) నడుస్తాయో ముందు లెక్కవేయండి. ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో (ఎడిటింగ్‌కు వాడే భారీ ఫైళ్ల ఫార్మాట్) సెకనుకు 25 ఫ్రేముల యూహెచ్‌డీ (4కే) స్ట్రీము ఒక్కదానికే సెకనుకు 737 మెగాబిట్లు, అంటే దాదాపు 92 మెగాబైట్లు కావాలి. గిగాబిట్ లైను నుంచి నికరంగా వచ్చేది 110 మెగాబైట్లకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, రెండు కెమెరాల వీడియోలను ఒకేసారి నడిపే మల్టీక్యామ్‌కే అది చేతులెత్తేస్తుంది. నలుగురూ రెండేసి స్ట్రీములు నడిపితే 736 మెగాబైట్లు అవుతుంది. 10 గిగాబిట్ స్విచ్‌కు ఇది కాగితం మీద సరిపోయినా, హార్డ్ డిస్కుల హెడ్లు ఎనిమిది ఫైళ్ల మధ్య తిరగవలసి రావడంతో ఆ వేగం చేతికందదు.

కత్తెర_హైదరాబాద్: మా కెమెరాలవి సెకనుకు 100 మెగాబిట్ల హెచ్.264 (బాగా కుదించిన) ఫైళ్లేనండీ.

టైమ్‌లైన్_బెజవాడ: అలాగైతే స్ట్రీముకు 12.5 మెగాబైట్లు చాలు. టైమ్‌లైన్ ఆగి ఆగి నడిస్తే తప్పు నెట్‌వర్కుది కాకపోవచ్చు. ఆ ఫైళ్లను డీకోడ్ చేయలేక కంప్యూటరే ఆయాసపడుతుండవచ్చు. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసే తేలికపాటి కాపీలు) చేసి చూశాకే ఖరీదైన స్విచ్ జోలికి వెళ్లండి.

పాత_కేబుల్: మా అనుభవం కూడా చెబుతాను. రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే ఏర్పాటు) ఒక డిస్కు పోయి, కొత్తది పెట్టి దానిలోకి డేటాను తిరిగి నింపుతుండగా (రీబిల్డ్) రెండోదీ పోవడంతో మూడు పెళ్లిళ్ల ఫుటేజీ గల్లంతయింది. మీరు రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 పెట్టుకోండి. 16 టెరాబైట్ల డిస్కులు ఎనిమిదింటిలో రెండింటంత చోటు రక్షణకే పోయి 96 టెరాబైట్లు మిగులుతుంది. అయినా ఎవరైనా పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే రెయిడ్ కాపాడదు కాబట్టి, వేరే చోట ఇంకో కాపీ ఉండాల్సిందే. క్యాష్ ఫైళ్లను (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా తయారుచేసుకునేవి) న్యాస్‌లో కాకుండా ఎవరి ఎస్ఎస్‌డీలో వారు ఉంచుకోవాలి. ఇంకొకటి, మా ఎడిటర్ ఒకరికి మాత్రమే వారం రోజులు అన్నీ నత్తనడక నడిచాయి. చివరికి చూస్తే, కేబుల్ కనెక్టరులో ఒక తీగ సరిగా క్రింప్ కాక ఆ పోర్టు 100 మెగాబిట్లకు పడిపోయి ఉంది.

కత్తెర_హైదరాబాద్: ధన్యవాదాలండీ. ఈ రాత్రికే ప్రాక్సీలు చేసి చూస్తాను.