అప్‌డేట్: రెండు ఇన్సులిన్ పెన్నులు తారుమారు కాకుండా ఏం చేయాలి?

భోజనానికి ముందు వేసుకునే రాపిడ్ (త్వరగా పనిచేసే ఇన్సులిన్) పెన్ను, రాత్రి వేసుకునే గ్లార్జిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) పెన్ను దాదాపు ఒకే రంగులో ఉన్నాయి, మసక వెలుతురులో తేడా తెలియట్లేదు అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది రబ్బరు బ్యాండ్ సలహా. రాపిడ్ పెన్నుకి మాత్రమే చుట్టాలి, అదీ మూతకి కాదు, పెన్ను బాడీకే. చీకట్లో కూడా వేలికి తగులుతుంది. డోస్ కిటికీ (ఎన్ని యూనిట్లో అంకె కనిపించే చోటు), మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ మాత్రం దాని కింద పడకూడదు. మూతకి రంగు టేపు వేస్తే ప్రమాదమే: ఒకదాని మూత ఇంకోదానికి పెట్టేస్తే ఆ గుర్తే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

డయాబెటిస్ ఎడ్యుకేటర్ తేల్చిన విషయం ఇంకా ముఖ్యం. రంగుల విషయంలో కంపెనీలన్నీ పాటించే కోడ్ ఏదీ లేదు. ఉదాహరణకి రాపిడ్ రకంలో నోవోరాపిడ్ ఫ్లెక్స్‌పెన్‌కి నారింజ, గ్లార్జిన్‌లో లాంటస్ సోలోస్టార్ బటన్‌కి ఊదా. బ్రాండ్ మారితే ఆ లెక్క చెల్లదు. కాబట్టి డోస్ తిప్పే ముందు ప్రతిసారీ లేబుల్ మీద పేరు చదవాల్సిందే.

సూది మూత రంగుతో సంబంధం లేదు, అది సూది సైజుకి గుర్తు. మందు తేటగా ఉందా అని చూడటమూ ఇక్కడ పనికిరాదు, రెండూ తేటగానే ఉంటాయి. తెల్లగా మబ్బుగా కనిపించేది ఎన్‌పీహెచ్ అనే వేరే రకం ఇన్సులిన్.

గ్లార్జిన్ బదులు అదే డోస్ రాపిడ్ పడితే షుగర్ బాగా పడిపోవచ్చు. అలా జరిగితే నిద్రపోకుండా వెంటనే షుగర్ చెక్ చేసుకుని, గ్లూకోజ్ దగ్గర పెట్టుకుని, డాక్టర్‌కి ఫోన్ చేయండి.